పందిరి లేని పెళ్ళి: ఒక సైన్సు విద్యార్థి పరిశీలన

సభ అన్నా, పెళ్ళి అన్నా, జాతర అన్నా మనకు మొదట గుర్తుకు వచ్చేది జనం. నలుగురూ ఒకచోట చేరడమే ఉత్సవానికి మూలం. జనం చేరకుండా ఉత్సవం జరపవచ్చునా అనే ప్రశ్న 2020 దాకా ఎవరూ గట్టిగా వేసుకోలేదు. ఆ సంవత్సరం మార్చి 25న, సరిగ్గా శార్వరి నామ సంవత్సర ఉగాది నాడు, దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. ఏప్రిల్ 2న శ్రీరామనవమికి భద్రాచలంలో సీతారాముల కల్యాణం భక్తులు లేకుండా ఆలయం లోపలే జరిగింది. జనం ఇళ్ళలో కూర్చుని టీవీలో చూశారు. సెప్టెంబరులో తిరుమల బ్రహ్మోత్సవాలు కూడా ఏకాంతంగానే జరిగాయి. దేవుడి పెళ్ళే అలా జరిగినప్పుడు మనుషుల పెళ్ళిళ్ళ మాట చెప్పనక్కర లేదు. పెళ్ళికి 50 మంది, అంత్యక్రియలకు 20 మంది మించరాదని కేంద్ర ప్రభుత్వం ఆ వేసవిలో నిబంధన పెట్టింది.

ఇది మన ఒక్క దేశపు సంగతి కాదు. బార్సిలోనాలో ఏటా జరిగే మొబైల్ వరల్డ్ కాంగ్రెస్ అనే పెద్ద ప్రదర్శన 2020 ఫిబ్రవరి 12ననే రద్దయింది. మన హైదరాబాదులో జరిగే బయో ఏషియా సదస్సు 2021లోనూ 2022లోనూ పూర్తిగా తెరమీదనే జరిగింది. జూమ్ కంపెనీ లెక్క ప్రకారం 2019 డిసెంబరులో రోజుకు కోటిమంది పాల్గొన్న మీటింగులు 2020 ఏప్రిల్ నాటికి 30 కోట్లకు పెరిగాయి. (ఇందులో ఒక మనిషి రోజుకు మూడు మీటింగుల్లో కూర్చుంటే ముగ్గురి కిందే లెక్క. అంకెలు చదివేటప్పుడు యిలాంటివి గమనించాలని మన లెక్చరర్లు చెబుతూనే వుంటారు.) ‘వర్చువల్ ఈవెంట్’ అనే మాట మన పల్లెల దాకా వచ్చింది. మా ఊళ్ళో మాత్రం దాన్ని ‘లైవు’ అనే అంటారు.

ఆ మార్పును నేను కొంచెం దగ్గరగా చూశాను. మా మేనమామకు మండల కేంద్రంలో టెంట్‌హౌసు వుంది. శామియానాలు, కుర్చీలు, వంట గుండిగలు, సీరియల్ బల్బులు, మైకుసెట్టు అద్దెకు ఇస్తాడు. మాది చేవెళ్ళ వైపు ఒక పల్లె, వ్యవసాయ కుటుంబం. కూరగాయలతో పాటు ఎకరంలో బంతి, చామంతి వేస్తాం. అంటే మా రెండు ఇళ్ళూ బతికేది ఇతరుల శుభకార్యాల మీదనే. 2020లో నా పదో తరగతి పరీక్షలు మొదలైన మూడు రోజులకే వాయిదా పడ్డాయి, తరువాత మొత్తానికే రద్దయ్యాయి. ఆ ఖాళీలో మామ దగ్గర పనికి కుదిరిన నేను, యిప్పటికీ ప్రతి సెలవుల్లో వెళుతూనే వున్నాను. డిగ్రీలో ఫిజిక్సు చదివిన తరువాత ఆ రోజుల్లో చూసిన చాలా విషయాలకు కారణాలు తెలిశాయి. ఉత్సవంలో ఏది తీగ గుండా పోతుంది, ఏది పోదు, పోనిది ఎందుకు పోదు అన్నదే ఈ వ్యాసం.

పోనివాటితోనే మొదలు పెడతాను, ఎందుకంటే మొదట దెబ్బ తగిలింది అక్కడే.

ఒక మోస్తరు పెళ్ళి జరిగితే ఎంతమంది చేతులు ఆడతాయో లెక్క వేసి చూడండి. పందిరి వేసేవాళ్ళు, కుర్చీలు మోసే హమాలీలు, వంటవాళ్ళు, వడ్డించేవాళ్ళు, డోలు సన్నాయివాళ్ళు, బ్యాండుమేళం, పూల అలంకరణ చేసేవాళ్ళు, జనరేటరు ఆపరేటరు, ఫొటోగ్రాఫరు, విస్తళ్ళు కుట్టేవాళ్ళు, ట్రాలీ డ్రైవరు. వీరి వెనుక గుడిమల్కాపూర్ మార్కెట్లో పూల ఏజెంట్లు, వారి వెనుక మావంటి రైతులు. ఐదువందలమంది వచ్చే పెళ్ళికి యాభైమందే వస్తే కుర్చీలు పదోవంతు చాలునని ఎవరైనా అనుకుంటారు. కాని పదోవంతు కూడా కాలేదు. యాభైమందికి శామియానా ఎందుకు? ఇంటి వసారా చాలు. ఇంట్లో పెళ్ళికి మైకు ఎందుకు? లెక్కల్లో మనం చెప్పుకునే ‘థ్రెషోల్డు’ వంటిది ఇక్కడా వుంది. ఒక మేర కంటె జనం తగ్గితే సామాను తగ్గడం కాదు, సామాను అవసరమే వుండదు.

బంతి సంగతి మరీ కష్టం. నారు పోసిన నెలకు నాటాలి, నాటిన రెండు నెలలకు కోత మొదలౌతుంది. ఉగాదికి, నవమికి, ఆపైన వైశాఖ ముహూర్తాలకు అందేలా లెక్క చూసుకుని వేసిన పంట అది. వడ్లయితే గాదెలో పోసుకోవచ్చు, పత్తిని ఇంట్లో పెట్టుకోవచ్చు. పువ్వు మూడో రోజుకు వాడిపోతుంది. పైగా కోయకుండా చెట్టు మీదనే వదిలితే గింజ పట్టి, కొత్త మొగ్గ రావడం తగ్గుతుంది. అందుచేత అమ్ముడు పోకపోయినా కోయవలసిందే. కోత కూలీ కూడా రాదని తెలిసి కూడా మా అమ్మ, నేను, చెల్లెలు నాలుగు రోజులకొకసారి పూలు తెంపి గట్టు మీద పోసేవాళ్ళం. ఆఖరికి మా నాయన గొర్రెలవాళ్ళను పిలిచి చేలోకి మందను వదిలించాడు. ఆరోజు ఇంట్లో ఎవరమూ పెద్దగా మాట్లాడుకోలేదు.

జూలై, ఆగస్టు నాటికి మామ కుదురుగా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాడు. పాత ఆంప్లిఫయర్లు రెండు అమ్మి, ఒక కెమెరా, ఒక లాప్‌టాప్, కెమెరా బొమ్మను లాప్‌టాప్‌లోకి పంపే చిన్న పరికరం కొన్నాడు. హైదరాబాదులో వీడియో పని చేసే ఒక కుర్రవాడు వచ్చి రెండు రోజులు నేర్పి పోయాడు. ఇంగ్లీషు మెనూలు చదవడానికి నేనుండేవాణ్ణి. ఆరోజుల్లో మామ నాతో అన్నమాట యిప్పటికీ గుర్తుంది: “ఇన్నేండ్లు గొట్టం మైకు ఇనబడేంత దూరమే మన వ్యాపారం అనుకున్న అల్లుడూ. ఇప్పుడు అమెరికా దాక పోయింది. కుర్చీలు మాత్రం షెడ్డుల్నే వున్నయి.” టెంట్‌హౌసులో అంతకు ముందు పద్నాలుగు మంది పనిచేసేవారు. లైవుకు కావలసింది ఇద్దరు.

దూరం నుంచి వినడం, చూడడం మనకు కొత్త కాదనే విషయం ఇక్కడ చెప్పాలి. భద్రాచలం కల్యాణానికి ఆకాశవాణిలో ఉషశ్రీగారి వ్యాఖ్యానం విని పరవశించినవారు మన పెద్దల్లో ఎందరో వున్నారు. 1975-76లో ‘సైట్’ ప్రయోగం కింద అమెరికా వారి ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టెలివిజన్ కార్యక్రమాలు అందాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ వున్నాయి, కార్యక్రమాల్లో వ్యవసాయ పాఠాలూ వున్నాయి. ఆ ఉపగ్రహం భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున వుండేది. పైకి పోయి కిందికి రావడానికి తరంగానికి దాదాపు పావు సెకను పడుతుంది. కాని ఆ పావు సెకను ఆలస్యాన్ని పల్లెలో కూర్చున్నవారెవరూ గమనించివుండరు. కారణం స్పష్టమే. వారు తిరిగి మాట్లాడే వీలు లేదు. ఒకవైపే ప్రసారమయ్యేదానికి ఆలస్యం ఒక లోపం కాదు. అటునుంచి ఎవరో జవాబు చెప్పవలసి వచ్చినప్పుడే ఆలస్యం లోపమౌతుంది. 2020లో వచ్చిన మార్పులో అసలు కొత్తదనమూ, అసలు చిక్కూ ఇక్కడే వున్నాయి.

ఆలస్యం సంగతి

2021 మే నెలలో, రెండో విడత ఉధృతంగా వున్నప్పుడు, పక్క ఊళ్ళో ఒక పెద్దాయన పోయాడు. కొడుకు దుబాయిలో కూలి పని. విమానాలు లేవు. అంత్యక్రియలకు 20 మందికే అనుమతి. బంధువులందరూ చూడాలని కుటుంబం వారు మామను పిలిచి, యూట్యూబులో లైవు పెట్టమన్నారు. పెట్టాము. చుట్టాలు ఎక్కడెక్కడి నుంచో చూస్తున్నారు. ఆ కొడుకు చిన్నాయనకు మామూలు ఫోను చేసి, “నాయిన మొఖం జర దగ్గరికి చూపెట్టమను” అన్నాడు. మామ వెంటనే కెమెరా దగ్గరకు తిప్పాడు. ఫోనులో అతను “ఇంకా చూపెడ్తలేరు, ఇంకా చూపెడ్తలేరు” అని ఏడుస్తూనే వున్నాడు. ఇక్కడ పాడె లేచింది. అక్కడ అతని తెరమీద ఇంకా లేవలేదు. అతని మాట మాకు అరసెకనులో వస్తున్నది, మా బొమ్మ అతనికి ఇరవై సెకన్ల తరువాత పోతున్నది. మామకు విషయం అర్థమై, పాడె దింపుడు కళ్ళం దగ్గర ఆగినప్పుడు తన జేబులోని ఫోను తీసి వాట్సాప్‌లో వీడియో కాల్ చేసి ఆ ఫోనును స్వయంగా పట్టుకున్నాడు. కొడుకు మూడుసార్లు తండ్రిని పిలిచాడు. ఆ పిలుపు అక్కడే, అప్పుడే వినిపించింది. మామ ఆ పనికి డబ్బు తీసుకోలేదు.

దీని వెనుక వున్న సైన్సు ఏమిటి? యూట్యూబు లైవు వంటి పద్ధతిలో బొమ్మను కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కనూ మామూలు ఫైలులాగా సర్వరులో పెడతారు. చూసేవారి ఫోను రెండు మూడు ముక్కలు ముందుగా పోగుచేసుకుని, ఆ తరువాతే చూపడం మొదలుపెడుతుంది. ఏ ముక్కైనా దారిలో తప్పిపోతే మళ్ళీ అడిగి తెప్పించుకునే వ్యవధి వుంటుంది. అందువల్ల వేలమంది చూసినా బొమ్మ తెగదు. కాని పది, ఇరవై సెకన్లు వెనుకబడుతుంది. వీడియో కాల్‌లో పద్ధతి వేరు. సెకనులో యాభయ్యో వంతు శబ్దాన్ని ఒక పొట్లంగా కట్టి పంపుతారు. పొట్లం పోతే పోయింది, మళ్ళీ అడగరు. అందుకే కాల్‌లో మధ్యమధ్య మాట మింగినట్లు వుంటుంది, ఐనా సంభాషణ సాగుతుంది. మొదటిది బస్సులాంటిది, నిండేదాకా కదలదు. రెండోది సైకిలు. ఎక్కువమందికి చూపడానికి మొదటిది, మనిషితో మనిషి మాట్లాడడానికి రెండోది. ఆ రోజు తరువాత మామ ప్రతి కార్యానికీ రెండూ పెట్టడం అలవాటు చేసుకున్నాడు.

వీడియో కాల్‌లో కూడా ఆలస్యం సున్న కాదు. గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. మన రాష్ట్రం నుంచి అమెరికాకు తీగ దారి 14 వేల కిలోమీటర్లే అనుకున్నా 70 మిల్లీసెకన్లు ఖాయం. ఎంత డబ్బు పోసినా అది తగ్గదు, ప్రకృతి నియమం. దీనికి తోడు పొట్లం కట్టడం, విప్పడం, ముందు వెనుకలుగా వచ్చిన పొట్లాలను వరసలో పెట్టడానికి కొంచెం ఆగడం. ఇవన్నీ కలిస్తే సులభంగా 150 మిల్లీసెకన్లు దాటుతుంది. సంభాషణ హాయిగా సాగాలంటే ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లకు మించరాదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం వారి జి.114 సిఫార్సు. అది దాటితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడడం, ఇద్దరూ ఒకేసారి ఆగడం, “మీరు చెప్పండి”, “లేదు మీరే చెప్పండి” అనుకోవడం! ఆన్‌లైన్ క్లాసుల్లో మనమందరం అనుభవించినదే.

మాటకు 150 చాలు. పాటకు చాలదు. ఇద్దరు కలిసి లయ తప్పకుండా వాయించాలంటే ఆలస్యం 25, 30 మిల్లీసెకన్ల లోపు వుండాలి. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది గనుక, 30 మిల్లీసెకన్లంటే పది మీటర్ల దూరం. డోలు ఆయన, సన్నాయి ఆయన పక్కపక్కన కూర్చుంటే వారి మధ్య ఆలస్యం మూడు మిల్లీసెకన్లే. ఒకరు చేవెళ్ళలో, ఒకరు కరీంనగర్‌లో కూర్చుని ఫోనులో కలిసి వాయించమంటే ఎంతటి విద్వాంసులైనా వాయించలేరు. లాక్‌డౌన్ కాలంలో ఎవరి ఇంట్లో వారు పాడుతున్నట్లు చిన్న చిన్న గళ్ళలో కనిపించిన బృందగానాలు మనం చూశాం. అవి ఎవరికి వారు విడిగా రికార్డు చేసి, తరువాత అతికించినవి. ఒకేసారి పాడినవి కావు.

గట్టిమేళం ఎక్కడికి పోయింది?

మామ లైవు మొదలుపెట్టిన కొత్తలో వచ్చిన ఫిర్యాదుల్లో సగం శబ్దం గురించే. జూమ్‌లో పెళ్ళి చూసిన అమెరికా చుట్టాలు, “పంతులుగారి మంత్రం వినబడింది గాని సన్నాయి వచ్చి వచ్చి ఆగిపోయింది, శ్రుతి అసలే లేదు” అన్నారు. మైకు చెడిపోయిందని అందరూ అనుకున్నారు. మైకు శుభ్రంగా వుంది.

ఈ సాఫ్ట్‌వేర్లు ఆఫీసు మీటింగుల కోసం తయారైనవి. వాటి దృష్టిలో మనిషి మాటే శబ్దం, తక్కినదంతా రొద. ఫ్యాను హోరును మాటనుంచి ఎలా వేరు చేస్తాయి? మాట నిలకడగా వుండదు, క్షణక్షణం మారుతుంది. ఫ్యాను హోరు మారకుండా సాగుతుంది. మారకుండా సాగేదాన్ని తీసివేయి అని దానికి నేర్పారు. శ్రుతిపెట్టె చేసేది కూడా అదే కదా, మారకుండా సాగడం! కనుక శ్రుతిని ఫ్యాను కింద జమ కట్టి తీసివేస్తుంది. సన్నాయి దీర్ఘంగా పట్టిన స్వరానికీ అదే గతి.

ఇక గట్టిమేళం. మాంగల్యధారణ వేళ అపశబ్దాలు వినబడకుండా వుండడానికే గట్టిమేళం వాయిస్తారని పెద్దలు చెబుతారు. అంటే మన పూర్వులు ఏర్పరచుకున్న రొద నివారణ పద్ధతి అది. సాఫ్ట్‌వేరు వచ్చి ఆ గట్టిమేళాన్నే రొద అనుకుని అణచివేస్తున్నది! దీనికి తోడు శబ్దం హెచ్చినప్పుడు తనంతట తానే తగ్గించే ఏర్పాటు ఒకటి వుంటుంది. డోలు ఒక్కసారిగా మోగగానే అది మొత్తం శబ్దాన్ని కిందికి దించుతుంది. మేళం ఆగిన తరువాత మళ్ళీ పైకి ఎత్తడానికి కొన్ని సెకన్లు తీసుకుంటుంది. ఆ వ్యవధిలో పంతులుగారి మాట గుసగుసలాగా వస్తుంది. మందు సులభమే. సెట్టింగుల్లో ‘ఒరిజినల్ సౌండ్’ అని వుంటుంది, దాన్ని పెట్టాలి. దానంతట అదే హెచ్చుతగ్గులు చేసే ఏర్పాటును తీసివేయాలి. డోలుకు దూరంగా, పంతులుగారికి దగ్గరగా వేరువేరు మైకులు పెట్టి చేత్తో సర్దాలి. మైకుసెట్టు పనిలో ముప్ఫై ఏళ్ళు చెయ్యి తిరిగిన మామ ఇందులో కుర్రవాళ్ళకంటె త్వరగా ఆరితేరాడు. పాత విద్య వృథా పోలేదు.

తలంబ్రాల దగ్గర ఇంకొక చిక్కు. అప్పటిదాకా అద్దంలా వున్న బొమ్మ సరిగ్గా తలంబ్రాలు పోసుకునే వేళకు గళ్ళుగళ్ళుగా చెదిరిపోయేది. ఇది ప్రతి పెళ్ళిలోనూ జరిగేది. లెక్క చూద్దాం. అడ్డం 1920, నిలువు 1080 చుక్కలు. చుక్కకు 24 బిట్లు. సెకనుకు 25 బొమ్మలు. హెచ్చవేస్తే సెకనుకు సుమారు 124 కోట్ల బిట్లు. మా మండలంలో ఫోను టవరు మీద పైకి పంపడానికి దొరికేది, అదృష్టం బాగుంటే, సెకనుకు 30 లక్షల బిట్లు. అంటే నాలుగువందల వంతుల్లో ఒక వంతుకు కుదించాలి.

మా నాయన కూలీల లెక్క రాసే నోటుబుక్కులో ఒక రోజు పేర్లన్నీ వరసగా రాసి, మర్నాడు “పైవారే, ఒకరు తక్కువ” అని రాస్తాడు. వీడియో కుదించే పద్ధతి అచ్చంగా అదే. ఒక బొమ్మను పూర్తిగా పంపి, తరువాతి బొమ్మల్లో మారినదాన్ని మాత్రమే పంపుతారు. వెనుక బంతిపూల తెర కదలదు, పీటలు కదలవు, పెద్దలు పెద్దగా కదలరు. కనుక పని సులభం. తలంబ్రాల వేళ వేల గింజలు, పైన రంగురంగుల థర్మోకోలు పూసలు, ఒక్కొక్కటి ఒక్కొక్క దిక్కుకు ఎగురుతాయి. “పైవారే” అని రాయడానికి ఒక్కరూ మిగలరు. పంపవలసింది అమాంతంగా పెరుగుతుంది, దారి మాత్రం అంతే ఇరుకు. అప్పుడు యంత్రం వివరాలను వదిలేసి మోటుగా గళ్ళు గీస్తుంది. మిణుకు మిణుకుమనే సీరియల్ బల్బులు వెనుక వున్నా ఇదే తంటా. అందువల్ల మామ లైవు వున్న పెళ్ళిళ్ళకు మండపం వెనుక మిణుకు బల్బులు మాన్పించి పూల తెరలే కట్టించడం మొదలుపెట్టాడు. మా బంతికి ఫిజిక్సు చేసిన ఒకే ఒక్క ఉపకారం ఇది!

జనం తిరిగి వచ్చిన తరువాత

2022 వేసవి నుంచి పెళ్ళిళ్ళకు జనం మునుపటిలాగే రావడం మొదలైంది. అప్పుడు ఒక వింత జరిగింది. యాభైమందితో ఇంట్లో జరిగిన పెళ్ళిళ్ళలో చక్కగా నడిచిన లైవు, ఎనిమిది వందలమందితో ఫంక్షన్ హాల్లో జరిగినప్పుడు తెగిపోసాగింది. పరికరాలు అవే, మనుషులు అనుభవం గడించినవారే. కారణం ఆ ఎనిమిది వందల మంది జేబుల్లోని ఫోన్లు. టవరుకు వున్న శక్తిలో ఎక్కువ భాగం దింపుకోవడానికి కేటాయించి వుంటుంది, పైకి పంపేందుకు ఇచ్చేది తక్కువ. తాళి కట్టే క్షణాన ఆ తక్కువలోనే వందమంది ఫొటోలు, వీడియోలు పంపుతుంటే మా కెమెరాకు వంతు రాదు. జనం రాలేరు కాబట్టి వచ్చిన లైవు, జనం రాగానే ఆ జనం వల్లనే ఆగిపోయింది. ఇప్పుడు హాలువారి బ్రాడ్‌బ్యాండు తీగ వుందో లేదో కనుక్కుని కాని మామ బయానా తీసుకోడు.

పెద్ద కంపెనీలకూ ఇటువంటి పాఠమే తగిలింది. లండన్‌లో 2019లో పుట్టిన హోపిన్ అనే వర్చువల్ ఈవెంట్ల కంపెనీ విలువను 2021 ఆగస్టులో 775 కోట్ల డాలర్లుగా కట్టారు. సరిగ్గా రెండేళ్ళకు, 2023 ఆగస్టులో, దాని ఈవెంట్ల వ్యాపారాన్ని రింగ్‌సెంట్రల్ కంపెనీ అయిదు కోట్ల డాలర్లు మించని ధరకు కొనుక్కుంది. బయో ఏషియా 2023లో మళ్ళీ మనుషుల మధ్యనే జరిగింది.

ఐతే మొత్తం పాత స్థితికి వచ్చామని నేను అనను. పాఠాలు, శిక్షణలు, చిన్న సెమినార్లు చాలామటుకు తెరమీదనే నిలిచిపోయాయి. వాటిలో మాటే ప్రధానం, మాట తీగలో బాగా పోతుంది. ఊరికి దూరంగా వున్న విద్యార్థికి అది మేలే. ఎక్కడో వున్న శాస్త్రవేత్త ఉపన్యాసం వినడానికి నాకు బస్సు చార్జీ కూడా అక్కరలేకపోయింది. పెళ్ళిళ్ళకు, జాతరలకు మాత్రం జనం తిరిగి వచ్చారు. భోజనం వాసన, పక్కవాడి భుజం తగలడం, చప్పట్లు యివేవీ పొట్లం కట్టడానికి లొంగలేదు. మామ ఎస్టిమేటు పుస్తకంలో శామియానా, కుర్చీలు, గుండిగలు, మైకుసెట్టు, జనరేటరు తరువాత ఇప్పుడు ‘లైవు’ ఆరో పద్దు.

పద్నాలుగు మందిలో తిరిగి వచ్చింది ఎనిమిది మందే. సీరియల్ బల్బులతో నెమలిని, ఏనుగును అల్లగల ఒక పనిమంతుడు హైదరాబాదులో సామాన్లు డెలివరీ చేసే పనికి కుదిరాడు. మామ రెండుసార్లు పిలిచినా రాలేదు. “సీజనుకు మూడు నెలలు నీ దగ్గర, తక్కిన తొమ్మిది నెలలు ఏం తినాలె?” అన్నాడట. అతని బల్బుల పెట్టె షెడ్డులో అలాగే వుంది. ఆ అల్లిక తెలిసినవారు మా మండలంలో ఇంకెవరూ లేరు. మేము మాత్రం బంతిని అర ఎకరానికి తగ్గించాం. మిగిలిన అర ఎకరంలో నాయన టమాటా వేశాడు, దాని ధర సంగతి వేరే వ్యాసం అవుతుంది.

చివరగా మన కళాశాల సంగతి ఒకటి. యూనియన్ తరఫున జరిగే సభలను పూర్వ విద్యార్థులు దూరం నుంచి చూడాలని కోరుతున్నారు. ప్రతిసారీ ఎవరి ఫోనునో స్టాండుకు తగిలించి, ఫోను నెట్టు మీద లైవు పెడుతున్నాం. హాలు నిండగానే అది తెగిపోతున్నది. పైన చెప్పిన కారణమే. దీనికి ఖరీదైన కెమెరా అక్కర లేదు. ఒక మైకు తీగను మిక్సరు నుంచి నేరుగా కంప్యూటరుకు ఇవ్వాలి, స్టేజీ వెనుకకు ఒక నెట్టు తీగ లాగాలి, ఉపన్యాసకునితో మాట్లాడవలసిన పూర్వ విద్యార్థులకు వేరే వీడియో కాల్ పెట్టాలి. ఈథర్‌నెట్ తీగ ఒక్క బిగువున నూరు మీటర్ల దాకా పనిచేస్తుంది. మన ఆడిటోరియం స్టేజీ నుంచి కంప్యూటరు లాబు దాకా వరండా వెంట నేను అడుగులతో కొలిచాను. మలుపులు కలుపుకున్నా ఎనభై మీటర్లు దాటలేదు.